ఇరవై ఆరు కొక్కేలు

ఫిబ్రవరి 1

బోర్డు ఈ రోజు పడవలో బిగించారు. ఇరవై ఆరు కొక్కేలు, ఇరవై ఆరు నంబర్లు, నీళ్ళలో చేపలు చూడటానికి పెట్టుకునే ఇరవై ఆరు మాస్కులు. అంకెలు స్కేలు పెట్టి నేనే వేశాను. పదిహేడు కాస్త వంకర పోయింది. రేపు సరిచేస్తాను.

పద్ధతి సులువు. దీవిలో దిగేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక నంబరు మాస్క్ ఇస్తాను. ఎవరికి ఏది ఇచ్చానో జాబితాలో రాసుకుంటాను. మూడింటికి అందరూ తిరిగి ఎక్కేటప్పుడు మాస్కులు కొక్కేలకి చేరతాయి. బోర్డు నిండితే అందరూ ఎక్కినట్టు. ఏదైనా ఖాళీగా ఉంటే ఆ నంబరు మనిషి ఇంకా నీళ్ళలో ఉన్నట్టు. తలలు లెక్కపెట్టక్కర్లేదు. తలలు కదులుతాయి. కొక్కేలు కదలవు.

మా కంపెనీ మేనేజరు బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. "సిస్టమ్ అంటే ఇదమ్మా," అన్నారు. నన్ను నిలబడమనలేదు. ఫొటోలో నా చెయ్యి మాత్రం పడింది.

ఈ పడవ నడిపే సరంగు నాన్నే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ దీవికి వెళ్ళి వస్తున్నాడు. బోర్డుని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసి, "గట్టిగా ఉందమ్మా," అన్నాడు. ఆయన మెచ్చుకోలు అంతే ఉంటుంది.

ఈ నెలాఖరుకి నేను ట్రిప్ ఇన్‌చార్జిగా చేరి ఆరు నెలలు. ఆరు నిండితే పర్మనెంటు. మా ఇంట్లో కాగితం మీద పర్మనెంటు అయిన మనిషి ఇంతవరకు లేరు.

ఫిబ్రవరి 3

ఇరవై రెండు మంది. పడవ కదిలాక రోజూ చెప్పేదే చెప్పాను. ముక్కుతో పీల్చకండి, నోటితోనే. గొట్టంలోకి నీళ్ళొస్తే కంగారు పడకండి, గట్టిగా ఊదండి. పగడాల మీద నిలబడకండి, అవి ప్రాణమున్నవి.

నాకు ఈత రాదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

వాళ్ళని నీళ్ళలోకి తీసుకెళ్ళే గైడుని అందరూ రొయ్య అంటారు, వంగి నడుస్తాడని. "చెల్లెమ్మా, నువ్వు ఊపిరి గురించి చెప్తుంటే నీళ్ళలో దిగకముందే నాకు ఊపిరాడట్లేదు," అన్నాడు. ప్రయాణికులు నవ్వారు. క్లుప్తంగా చెప్పాలని రాసి పెట్టుకుంటున్నాను.

ఒకాయన చేపలు ఫొటోల్లో ఉన్నంత రంగుగా లేవన్నాడు. ఫిర్యాదుల పుస్తకం ఇచ్చాను. రాశాడు. 'తీసుకున్న చర్య' అనే గడి ఖాళీగా ఉంది. ఏం రాయాలో మేనేజరుని అడగాలి.

ఫిబ్రవరి 6

నాన్నతో చెప్పుల సంగతి మాట్లాడాను.

దీవి ఒడ్డున రెండు గుంజలకి ఒక తాడు కట్టి ఉంటుంది. నాన్నే కట్టాడు. నీళ్ళలోకి వెళ్ళినా, దీవి చుట్టూ తిరగడానికి వెళ్ళినా, చెప్పులు తాడు దగ్గరే విడవాలి. తాడు దగ్గర ఒక్క జత మిగిలి ఉన్నా పడవ కదలదు. ఇదీ ఆయన లెక్క. దీనికి పుస్తకం లేదు, జాబితా లేదు.

"చెప్పులు లేకుండా వచ్చేవాళ్ళుంటే?" అన్నాను.

"వాళ్ళని గుర్తు పెట్టుకుంటాను."

"పాతవి వదిలేసి పోతే?"

"అడుగుతాను."

"ఇది కాగితం మీద నిలవదు నాన్నా."

"ఇన్నేళ్ళలో ఎవరూ మిగిలిపోలేదుగా."

"అది పద్ధతి కాదు నాన్నా, అదృష్టం."

"అయ్యుండచ్చు," అన్నాడు.

రెండు రకాల సూచనలుంటే జనం తికమక పడతారని, ఇకనుంచి చెప్పుల మాట ఎవరికీ చెప్పొద్దని చెప్పాను. సరే అన్నాడు. తాడు మాత్రం విప్పలేదు. తాడు వల్ల నష్టం లేదు కాబట్టి నేనూ పట్టుబట్టలేదు.

ఫిబ్రవరి 9

బోర్డు నిండింది. ఫిర్యాదులు లేవు. పదిహేడు సరిచేశాను. ఇప్పుడు పద్దెనిమిది వంకరగా కనిపిస్తోంది.

ఫిబ్రవరి 12

ఒక ప్రయాణికురాలు దీవిలో ఉండిపోయింది. వెళ్ళి తీసుకొచ్చారు. క్షేమం.

బోర్డు నిండింది. నా కళ్ళతో చూశాను. నిండింది.

ఫిబ్రవరి 13

ఈ రోజు పడవ నడపలేదు. ఇంట్లో కూర్చున్నాను. అమ్మ కంపెనీ పడవలకి తువ్వాళ్ళు ఉతుకుతుంది. గది నిండా తీగల మీద తువ్వాళ్ళు. మాట్లాడాలంటే వాటిని పక్కకి తొలగించుకోవాలి కాబట్టి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

జరిగింది వరసగా రాస్తాను.

నిన్న ఇరవై నాలుగు మంది. అందులో ఒంటరిగా వచ్చిన పెద్దావిడ ఒకరు, రిటైరైన నర్సు. పందొమ్మిదో నంబరు మాస్క్. మధ్యాహ్నం అందరూ తింటున్నప్పుడు పడవలోకి వచ్చి, "నా మొహానికి ఇది కుదరట్లేదమ్మా, నీళ్ళు కారుతున్నాయి," అని మాస్క్ తనే కొక్కేనికి తగిలించి, మళ్ళీ దిగి వెళ్ళిపోయారు. అప్పుడు నేను భోజనం పొట్లాలు పంచుతున్నాను. వేరే నంబరు ఇవ్వాలని అనుకున్నాను. ఇరవై ఒకటో నంబరాయన ఇంకో పొట్లం అడిగాడు.

ఆవిడ దీవికి అవతలి వైపు వెళ్ళి నీడలో కూర్చున్నారు. నిద్ర పట్టింది.

మూడింటికి రొయ్య ఈల వేశాడు. జనం ఎక్కారు. మాస్కులు తగిలించాను. బోర్డు నిండింది. బయలుదేరమన్నాను. నాన్న ఇంజను వేశాడు.

యాభై నిమిషాల్లో హార్బరు చేరాం. జనం వ్యాను ఎక్కారు. వ్యాను డ్రైవరు వెనక్కి తిరిగి సీట్లు చూసుకుని, "ముందు సీటు పెద్దావిడ ఏదమ్మా?" అన్నాడు.

డ్రైవరు తలలు లెక్కపెడతాడు.

నాన్న అప్పటికే పడవ తాడు కట్టేస్తున్నాడు. ఆ మాట వినగానే విప్పేశాడు. నాలుగు దాటాక దీవి వైపు ఏ పడవా వెళ్ళకూడదు. వెళ్ళాలంటే హార్బరు ఆఫీసులో అనుమతి చీటీ తీసుకోవాలి. నేను చీటీ అన్నాను. "నువ్వు దిగు," అన్నాడు. రొయ్యని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. కాపలాదారు గడియారం చూసి రిజిస్టరులో రాసుకోవడం నేను చూశాను. చక్కని దస్తూరీ.

పొద్దు గుంకేవేళకి తిరిగొచ్చారు. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని దిగారు. నేను క్షమించమన్నాను. ఆవిడకి కోపం ఉన్నట్టు లేదు. పేషెంటుకి వివరం చెప్పినట్టు చెప్పారు.

"చెప్పులు ఎక్కడ విడవాలని పొద్దున అడిగితే సరంగు గారు తాడు చూపించారు. అవి అక్కడుంటే పడవ కదలదన్నారు. నాకు మెలకువ వచ్చేసరికి పడవ దూరంగా పోతోంది. అయితే నా చెప్పులు ఎవరో తీసేసి ఉంటారనుకుని వెళ్ళి చూశాను. ఉన్నాయి."

"మరి ఏం చేశారండీ?"

"వాటి పక్కన కూర్చున్నాను."

ఈ పొద్దున ఆవిడ తన ఊరు వెళ్ళిపోయారు. ఫిర్యాదుల పుస్తకంలో ఏమీ రాయలేదు.

ఫిబ్రవరి 14

పన్నెండున దీవి నుంచి బయలుదేరేటప్పుడు నాన్న ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 16

హార్బరు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ప్రయాణికురాలిని వదిలి వచ్చినందుకు ఒకటి, అనుమతి లేకుండా పడవ తీసినందుకు ఇంకొకటి. సరంగు జరిగింది వారం లోపల రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇరవై నాలుగున హాజరు కావాలి. తప్పు సరంగుదే అని తేలితే లైసెన్సు రద్దు.

మేనేజరు కాగితం ఇచ్చినప్పుడు నాన్న జేబు తడుముకుని, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, అమ్మాయి చదువుతుంది," అన్నాడు. ఆ కళ్ళజోడుకి పవర్ లేదు. మర్చిపోవడానికే కొన్నాడు. నాన్నకి చదవడం రాదని అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. లైసెన్సు తీసుకున్న రోజుల్లో పరీక్ష నోటితోనే. నిరుడు కొత్త నియమం వచ్చింది, సరంగులకి చదవడం రావాలని. పాతవాళ్ళు చదవగలమని ఒక కాగితం మీద సంతకం పెడితే చాలన్నారు. ఆ కాగితం నేనే చదివి వినిపించాను. నాన్న సంతకం పెట్టాడు. సంతకం కూడా నేనే నేర్పాను, నా ఆరో తరగతిలో.

మేనేజరు తలుపు దగ్గరికి వేసి మెల్లగా అన్నారు. "సరంగు గారూ, నేనే సరిగ్గా చూసుకోలేదని రాసివ్వండి. ఇన్నేళ్ళ సర్వీసు, మందలించి వదిలేస్తారు. బోర్డు మాట ఎత్తకండి. ఎత్తితే అమ్మాయి పర్మనెంటు..."

మిగతాది చేత్తో చెప్పారు.

"వదిలేస్తారంటారా?" అన్నాడు నాన్న.

"నా ఉద్దేశం అది."

నోటీసులో 'మందలింపు' అనే మాట ఎక్కడా లేదు. మూడుసార్లు చూశాను.

ఫిబ్రవరి 17

అమ్మ తువ్వాళ్ళు మడతపెడుతూ, "మొత్తానికి మీ ఇద్దరిలో ఒకరు ఇంట్లో కూర్చుంటారు, అంతేగా," అంది.

"నేను కూర్చుంటాలే," అన్నాడు నాన్న. "ఎన్నేళ్ళని నడపను."

"కూర్చుని ఏం చేస్తావు?"

నాన్న చుట్టూ చూశాడు. "తువ్వాళ్ళు మడతపెడతాను."

"నీ మడతలు నేను చూశాను," అంది అమ్మ.

నేను జీతం లేకుండా ఇంట్లో ఉండటం గురించి ఎవరూ మాట్లాడలేదు. అదొక లెక్కలోకి వచ్చే సంగతే కాదన్నట్టు.

ఫిబ్రవరి 18

పన్నెండో తారీఖున ఒక మాట రాయలేదు. పదమూడునా రాయలేదు. పద్నాలుగున దానికి వ్యతిరేకంగా రాశాను. ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. ఇందులో కూడా ఎందుకు దాచానో తెలియదు.

బోర్డు నిండాక నేను బయలుదేరమన్నాను. నాన్న ఇంజను వేయలేదు. ఒడ్డు వైపు చూస్తూ, "తాడు దగ్గర ఒక జత ఉందమ్మా," అన్నాడు.

"ఎవరో వదిలేసి ఉంటారు నాన్నా. బోర్డు నిండింది."

"మంచివిలాగే ఉన్నాయి."

"నాన్నా, ఇరవై ఆరూ ఉన్నాయి. చూడు."

నాన్న బోర్డు చూశాడు. అంకెలు వచ్చు ఆయనకి. ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా వేలు ఆడిస్తూ చూశాడు. మళ్ళీ ఒడ్డు చూశాడు.

"నువ్వు చెప్తే సరే," అన్నాడు. ఇంజను వేశాడు.

నేను చెప్పింది చదువుకున్న మనిషి మాట కాబట్టి విన్నాడు. ఇంకెవరు చెప్పినా ఆయన దిగి వెళ్ళి ఆ చెప్పులు ఎవరివో కనుక్కుని వచ్చేవాడు.

ఫిబ్రవరి 19

నాన్న చెప్పాడు, నేను రాయాలి. మంచం మీద కూర్చుని, గోడ చూస్తూ చెప్పాడు.

"రాయి. ఆ రోజు నేను చెప్పులు చూడలేదు. లెక్క చూసుకోవడం సరంగు పని. నేను చూసుకోలేదు. తప్పు నాది. క్షమించాలి. రాశావా?"

"రాస్తున్నాను."

"ట్రిప్ ఇన్‌చార్జికి దీంతో సంబంధం లేదు. అది కూడా పెట్టు."

"చూశావు కదా నాన్నా."

"చెప్పింది రాయమ్మా."

రాశాను. నేను రాసింది ఇది: 'తాడు దగ్గర ఒక జత చెప్పులు ఉన్నాయని నేను ట్రిప్ ఇన్‌చార్జికి చెప్పాను. ఆమె లెక్క సరిపోయిందని, బయలుదేరమని చెప్పింది. ఆమె కొత్తగా పెట్టిన బోర్డులో లోపం ఉంది. ప్రయాణికురాలు మిగిలిపోయిందని తెలిసిన వెంటనే నేను వెనక్కి వెళ్ళాను. అనుమతి తీసుకోలేదు. ఆ ఒక్కటీ నా తప్పు.'

"చదువు," అన్నాడు.

కాగితం మీద కళ్ళు పెట్టి, కాగితంలో లేనిది చదివాను. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట పొల్లుపోకుండా. చూపు పంక్తి పంక్తికీ జరుపుతూ చదివాను. ఎక్కడా తడబడలేదు. నాకు బాగా చదవడం వచ్చు.

"అంతా నేను చెప్పిందేగా?"

"చదివాను కదా నాన్నా."

సంతకం పెట్టాడు. చివరి అక్షరం దగ్గర ఎప్పటిలాగే నాలుక కొస బయటికొచ్చింది.

ఫిబ్రవరి 20

నిజమే రాశాను. నిజం రాయడం తప్పు కాదు.

ఫిబ్రవరి 21

నిజమే రాశాను.

ఫిబ్రవరి 24

హార్బరు ఆఫీసులో పెద్ద బల్ల. ఒక వైపు అధికారి, గుమాస్తా. ఇటు వైపు మేనేజరు, నాన్న, నేను. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో కళ్ళజోడు. ఈ రోజు మర్చిపోవడం కుదరదని ఆయనకి తెలుసు.

మొదట మేనేజరుని అడిగారు.

"ఆ బోర్డు ఆఫీసు ఆమోదించింది కాదు సార్," అన్నారాయన. "అమ్మాయి ఏదో ఉత్సాహం కొద్దీ పెట్టింది."

బోర్డు పక్కన తీయించుకున్న ఫొటో కంపెనీలో ఆయన కుర్చీ వెనక గోడకే ఉంది. అందులో నాది చెయ్యి ఒక్కటే.

తర్వాత అధికారి, "సరంగు ఇచ్చింది చదవండి," అన్నారు. గుమాస్తా చదివాడు. ఆయనకి అది అయిదో ఆరో కేసు అయి ఉంటుంది. రైళ్ళ రాకపోకలు చెప్పినట్టు చదివాడు. 'తాడు దగ్గర ఒక జత చెప్పులు ఉన్నాయని' అనే చోట నాన్న తల తిప్పి నన్ను చూశాడు. కోపం కాదు. పడవలో ఇంజను చప్పుడు మారినప్పుడు అలా తల తిప్పుతాడు.

గుమాస్తా చదవడం అయిపోయింది.

"నేను అలా చెప్పలేదు సార్," అన్నాడు నాన్న.

అధికారి కాగితం ఆయన ముందుకి జరిపారు. "సంతకం మీదేనా?"

"నాదే."

"చదివే పెట్టారా, చదవకుండా పెట్టారా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. చదవకుండా పెట్టానంటే ఎందుకు చదవలేదని అడుగుతారు. అక్కణ్ణుంచి నిరుటి కాగితం దాకా పెద్ద దూరం లేదు. చదివే పెట్టానంటే అందులో ఉన్నది ఆయన మాటే అవుతుంది. నేను ఇదంతా పందొమ్మిదినే ఆలోచించాను. ఆలోచించలేదని ఇక్కడ రాసుకోవచ్చు. ఆలోచించాను.

నాన్న కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. కాగితం దగ్గరికి లాక్కున్నాడు. పై పంక్తి నుంచి మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి, మళ్ళీ ఎడమకి. ఒక చోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చూశాడు. కిందికి వచ్చేసరికి ఒక నిమిషం పట్టింది. నేను చదివినా అంతే పడుతుంది.

"చదివే పెట్టాను సార్."

"అయితే ఇందులో ఉన్నది నిజమే."

నాన్న కళ్ళజోడు తీసి మడిచాడు. "మా అమ్మాయి చేత్తో రాసింది సార్," అన్నాడు. "తప్పుండదు."

గుమాస్తా రాసుకున్నాడు.

బయటికొచ్చాక మేనేజరు నన్ను పక్కకి పిలిచి, రేపటినుంచి రానక్కర్లేదన్నారు. నెలాఖరుకి నాలుగు రోజులున్నాయి. నాన్న కాస్త ముందు నడుస్తున్నాడు. నేను అడుగు వేగం పెంచితే ఆయనా పెంచాడు.

ఫిబ్రవరి 25

నాన్న మాట్లాడలేదు. అమ్మ అడిగితే అమ్మకి జవాబిచ్చాడు.

ఫిబ్రవరి 26

మాట్లాడలేదు.

ఫిబ్రవరి 27

"నాన్నా, నీ లైసెన్సు పోకూడదనే," అన్నాను.

"తెలుసు," అన్నాడు.

"నువ్వు ఒప్పుకోవని..."

"అదీ తెలుసు." వలలాగా చిక్కుపడిన ఏదో నైలాను దారం విప్పుకుంటున్నాడు. "నువ్వు రాసింది సంగతి కాదమ్మా. చదివావు చూడు. అది."

చిక్కు విడిపోయింది. దారం చుట్ట చుట్టి మేకుకి తగిలించాడు.

మార్చి 1

ఆరు నెలలు నిండాయి. ఇంట్లో.

రొయ్య వచ్చాడు. బోర్డు తీసేశారట, పడవ చెక్కకి మేకుల బెజ్జాలు మిగిలాయట. వెళ్ళేటప్పుడు, "చెల్లెమ్మా, కొత్తగా వచ్చినవాడికి ఊపిరి గురించి చెప్పడమే రావట్లేదు. జనం ముక్కుతో పీలుస్తున్నారు," అన్నాడు. ఓదార్పుకే అని ఉంటాడు. కానీ నిజంగానే అది జాగ్రత్తగా చెప్పాల్సిన విషయం.

మార్చి 4

తీర్పు కాగితం పోస్టులో వచ్చింది. అమ్మ తీసుకుని నా చేతికి ఇవ్వబోతే నాన్న అందుకున్నాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు.

ఎదురింట్లో టైలరు ఉంటాడు. పదో తరగతి దాకా చదివాడు. కిటికీ దగ్గర మిషను. నాన్న ఆ కిటికీ దగ్గర నిలబడి ఏదో చెప్పడం, టైలరు పెడలు ఆపి, కాసేపు నాన్న మొహం చూడటం కనిపించింది. వీధి ఇరుకు, మాట వినిపిస్తుంది.

"నాకు చదవడం రాదు," అన్నాడు నాన్న. "ఇది చదివి పెట్టు."

కళ్ళజోడు మాట చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఏ ఆఫీసులోనూ బయటపడనివ్వని సంగతి. అమ్మ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

టైలరు చదివాడు. కూడబలుక్కుంటూ, కొన్నిచోట్ల వెనక్కి వెళ్ళి. నాన్న తలొంచుకుని విన్నాడు. తిరిగి వచ్చి, మంచం మీద కూర్చుని, కాగితం నా ముందు పెట్టాడు.

"ఇప్పుడు నువ్వు చదువు."

చదివాను. సరంగు లైసెన్సు రద్దు చేయడం లేదు. అనుమతి లేకుండా పడవ తీసినందుకు పదిహేను రోజులు నడపకూడదు. ప్రయాణికురాలు మిగిలిపోవడానికి కారణం ట్రిప్ ఇన్‌చార్జి నిర్లక్ష్యం, అనుభవ లేమి, సరంగు హెచ్చరికని పెడచెవిన పెట్టడం. ఇటువంటి వ్యక్తిని ఇకపై ఏ పడవ మీదా ఏ బాధ్యతలోనూ నియమించరాదు. 'నిర్లక్ష్యం' దగ్గర ఆగలేదు. 'ఇటువంటి వ్యక్తి' దగ్గర కూడా ఆగలేదు. తారీఖు చదివాను. ఫైలు నంబరు చదివాను.

నాన్న ప్రతి వాక్యానికీ చిన్నగా తల పంకిస్తూ విన్నాడు. టైలరు చదివినదాని పక్కన పెట్టి చూసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"అయిపోయిందా?"

"కింద ముద్ర ఉంది. దాని కింద 'నకలు: సరంగుల సంఘానికి' అని ఉంది."

"టైలరు అది చదవలేదే."

"ఉంది నాన్నా. చిన్న అక్షరాలు. ఇదుగో."

వేలు పెట్టి చూపించాను. నాన్న నా వేలి కింద చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లేచి, మళ్ళీ ఎదురింటికి వెళ్ళాడు.

టైలరు కాగితం మీదికి వంగి, ఆ చివరి పంక్తి దాకా వేలు జరిపి, ఉందని తలాడించడం మా గుమ్మంలోంచి కనిపించింది.